ముందు చెప్పి, తర్వాత కొయ్యాలి

మామిడికాయను కోయకుండానే లోపల టెంక కట్టిందో లేదో మా అక్క చెప్పేది. నూజివీడు దగ్గరి కాయల షెడ్డులో ప్రతి వేసవీ ఆమె చేసిన పని అదే. తోటల నుంచి వచ్చిన కాయను నేల మీద వరిగడ్డి పరిచి దించుతారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ముదురు కాయను ఒక పక్కకు, లేతకాయను ఇంకో పక్కకు ఏరతారు. ముదురు కాయను మాగబెడితే పండవుతుంది. లేతకాయను మాగబెడితే తొక్క ముడతలు పడుతుంది, లోపల పుల్లగానే ఉండి కుళ్ళిపోతుంది. పైకి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి. అక్క కాయను అరచేతిలో పెట్టుకుని, ముచ్చిక చుట్టూ బొటనవేలు ఒకసారి తిప్పి, భుజాలు లేచాయో లేదో తడిమి, బరువు చూసి ఒక్క మాటలో తేల్చేసేది. ముచ్చిక నుంచి కారే సొన తగిలి తగిలి ఆమె వేళ్ళ మీద నల్లటి మచ్చలు ఏడాది పొడుగునా ఉండేవి.

అనుమానం తీర్చుకోవడానికి ప్రతి లోడులో నాలుగైదు కాయలు కోస్తారు. అక్కడ అక్క పెట్టిన నియమం ఒకటుండేది. కోసే ముందు చెప్పాలి. చెప్పినవాళ్ళు కోయకూడదు, కత్తి ఇంకొకరికి ఇవ్వాలి. కోశాక మాట మార్చకూడదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి షెడ్డుకు వెళ్ళి, కోసిన చెక్కను చూసి, "నేనూ ఇదే అనుకున్నాను" అన్నాను. అక్క నావైపు అదోలా చూసింది.

"కోశాక ఎవరైనా చెప్తారే. ముందు చెప్పి, తర్వాత కొయ్యాలి," అంది.

నలుగురిలో అన్నందుకు నాకు ఉక్రోషం వచ్చి ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒక రోజు ఊరికే పోగొట్టుకున్నాననిపిస్తుంది.

మా అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అక్కకు అప్పటికే పెళ్ళయింది. విస్సన్నపేట పక్కన వాళ్ళింట్లోనే పెరిగాను. బావ ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆయన చేతిరాత అచ్చు గుద్దినట్టుంటుంది కాబట్టి చర్చిలో రాతపని ఏదున్నా ఆయనదే. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే అక్క నన్ను చూపించి, "ఈ ఒక్కదాని గోలే భరించలేకపోతున్నా" అనేది. నాకు ఫిజిక్స్ మీద మనసు పోయినప్పుడు, బీఈడీ చేయించండి చాలని చుట్టాలంతా చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. అక్క ఎవరి మాటా వినలేదు. అలా నేను ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ, బరువైన అణుకేంద్రకాల్లో న్యూట్రాన్లు ఎలా పరుచుకుని ఉంటాయో కొలిచే బృందంలో చేరాను. ప్రయోగం జరిగేది ఎక్కడో. అక్కడి నుంచి వచ్చే లెక్కలతో కుస్తీ పట్టేవాళ్ళలో నేనొకదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం అక్క సొన మచ్చలకు కొబ్బరినూనె రాసుకుంటూ అడిగింది. "అసలు నువ్వు కొలిచేది ఏంటే?"

నేను క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. ప్రోటాన్లకు విద్యుత్తు ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లను విసిరితే అవి ఎంతమేర ఉన్నాయో తెలిసిపోతుంది. న్యూట్రాన్లకు విద్యుత్తు లేదు. వాటిని ఎలక్ట్రాన్ పట్టించుకోకుండా వెళ్ళిపోతుంది. సీసం తీసుకుంటే దాని కేంద్రకంలో ప్రోటాన్లు ఎనభై రెండు, న్యూట్రాన్లు నూట ఇరవై ఆరు. ఆ ఎక్కువైన న్యూట్రాన్లు అంచుకు నెట్టుకొచ్చి పైన ఒక పలచని పొరలా ఏర్పడతాయి. ఆ పొర మందం మాకు కావాలి.

"అంటే తొక్క మందం కొలుస్తున్నావన్నమాట," అంది అక్క.

"అంతే."

"కనపడని తొక్క."

"కనపడని తొక్కే."

ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మర్నాటికల్లా షెడ్డులో నా పేరు తొక్కల సైంటిస్టు. అక్కడి ఆడవాళ్ళలో ఒకామె నన్ను చూసి, "తొక్కలో ఉద్యోగం అంటే ఏంటో అనుకున్నాం, నిజంగానే ఉందన్నమాట" అంది. నాకు మండింది. అక్క మాత్రం వదలకుండా ఇంకా అడిగింది. ఎలక్ట్రాన్ పట్టించుకోకపోతే మరి ఎలా కొలుస్తారు?

బలహీన బలం అని ఒకటుంది, న్యూట్రాన్లను అది పట్టించుకుంటుంది, ఎడమవాటంగా తిరిగే ఎలక్ట్రాన్లనూ కుడివాటంగా తిరిగేవాటినీ అది ఒకేలా చూడదు అన్నాను. రెండింటినీ మార్చి మార్చి సీసపు రేకు మీదకు విసిరి, చెదిరి వచ్చినవాటిని లెక్కపెడితే తేడా దొరుకుతుంది. పది లక్షల్లో ఒకటి కూడా ఉండదు ఆ తేడా. వలలకు కట్టే సీసపు గుళ్ళు పొయ్యి మీదే కరుగుతాయి కదా, నీ రేకు కరిగిపోదా అని అడిగింది. కరిగిపోకుండా రెండు పక్కలా వజ్రపు రేకులు పెట్టి చల్లబరుస్తారని చెప్పాను. "సీసానికి వజ్రాల కాపలా," అంది అక్క, మా బృందం మీద గౌరవం పూర్తిగా పోయినట్టు.

అయితే గౌరవం తిరిగి తెచ్చిన సంగతి ఒకటుంది. అంత చిన్న తేడా కొలిచేటప్పుడు మనిషి మనసును నమ్మడానికి లేదు. జవాబు ఇంత వస్తే బాగుండునని లోపల ఎక్కడో ఉంటుంది. తెలియకుండానే చెయ్యి అటు లాగుతుంది. అందుకని మేము కళ్ళకు గంతలు కట్టుకుంటాం. ఎవరికీ తెలియని ఒక సంఖ్యను కంప్యూటరే ఎంచుకుని మా ఫలితానికి కలిపేస్తుంది. నెలల తరబడి మేము చూసేది ఆ కల్తీ ఫలితాన్నే. ఏ లెక్క ఉంచాలి, ఏది తీసేయాలి అన్నీ ముందే తేల్చి, రాసి, సంతకాలు పెట్టి, ఆ తర్వాత అందరం కూర్చుని ఆ సంఖ్యను తీసేస్తాం. అప్పుడు ఏది వస్తే అదే. మాట మార్చడానికి లేదు.

"అది మా షెడ్డు రూలేగా," అంది అక్క.

అవును, అదే రూలు.

ఆ ఏడాది మామిడి పూత మీద ఉన్నప్పుడు అక్కకు కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుంది. బిళ్ళలు మింగింది. బట్టలు వదులయ్యాయని, తిండి సయించడం లేదని బావ ఫోన్లో చెప్పేసరికి సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. నేను వచ్చి విజయవాడ తీసుకెళ్ళాను. స్కాన్ చేశారు. తర్వాత సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి తీసుకోవడానికి లోపలికి నేనే వెళ్ళాను. చదువుకున్నదాన్ని కదా.

క్లోమంలో క్యాన్సర్. కాలేయానికి కూడా పాకింది. ఆపరేషన్ దశ దాటిపోయిందని, మందులు ఇచ్చినా కొద్ది నెలల మాటేనని డాక్టరుగారు చెప్పారు. నెమ్మదస్తుడు. నేను కుర్చీలోంచి లేస్తుంటే ఆపి అడిగారు.

"పేషెంట్‌కి మీరు చెప్తారాండీ, నన్ను చెప్పమంటారా?"

"నేను చెప్తానండీ."

"చెప్పండి. కీమో తీసుకోవాలో వద్దో ఆవిడే నిర్ణయించుకోవాలి కదా."

బయట బెంచీ మీద అక్క, పక్కన బావ. అక్క ఒళ్ళో నా హ్యాండ్‌బ్యాగు. నన్ను చూడగానే మొహంలోకి చూసింది. "అల్సరంట," అన్నాను. "ముదిరిపోయింది. చాలాకాలం మందులు వాడాలంట." అల్సరన్న మాట నోటికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చింది. అక్క ఊపిరి వదిలి, "ఇంతేనా" అని బ్యాగు నా చేతికిచ్చింది.

బావకు ఆ సాయంత్రం పెరట్లో నిజం చెప్పాను. ఆయన పంపు కట్టకుండా, నీళ్ళు పొర్లిపోతుంటే చూస్తూ నిలబడ్డారు. తర్వాత, "చెబ్దాం అమ్మాయ్. దానికి చెప్పకుండా మనకెందుకు తెలియాలి?" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గర ఒక వాదన తయారుగా ఉంది. తెలిస్తే భయపడుతుంది, భయపడితే ఒళ్ళు ఇంకా త్వరగా కుంగుతుంది, తెలియకపోతే ఉన్నన్నాళ్ళూ మామూలుగా ఉంటుంది అన్నాను. మా పనిలో కూడా ఫలితాన్ని దాచిపెడతాం, దాచడం మోసం కాదు, మనసు అడ్డం పడకుండా చేసుకునే ఏర్పాటు అని కూడా అన్నాను. అంత దుఃఖంలో ఉన్న మనిషికి నేను పద్ధతుల గురించి ఉపన్యాసం ఇచ్చాను. అప్పుడు ఆ పోలిక నాకు ఎంత తెలివైనదిగా తోచిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మా గంతలు మేమే కట్టుకుంటాం, ఎప్పుడు విప్పాలో ముందే రాసుకుంటాం. అక్క కళ్ళకు నేను కట్టాను. ఎప్పుడు విప్పుతానో రాసుకోలేదు. కీమో వద్దని కూడా ఆమె తరఫున నేనే అనేశాను.

బావ నా మాటకు తలొగ్గారు, కానీ ఆయనకు మింగుడు పడలేదు. ఆ ఆదివారం చర్చిలో ఆరాధన మొదలవ్వకముందు, ప్రార్థన మనవుల పళ్ళెంలో ఆయన చీటీ ఒకటి వేయడం చూశాను. మా చర్చిలో ఆ చీటీలను పాస్టరుగారు అందరి ముందూ పైకి చదివి ప్రార్థన చేస్తారు. నేను వెళ్ళి తీసి చూశాను. అచ్చు గుద్దినట్టున్న అక్షరాలతో, "క్యాన్సర్‌తో బాధపడుతున్న నా భార్య కొరకు" అని ఉంది. అక్క అప్పటికే ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని ఉంది. పెన్ను తీసి ఆ మాట ముందు భాగం కొట్టేసి, పైన "అల్" అని రాశాను. చివరి "సర్" అలాగే పనికొచ్చింది. కొత్త చీటీ రాసే వ్యవధి కూడా లేదు.

పాస్టరుగారు చదివారు. ఊరు ఊరంతా కళ్ళు మూసుకుని మా అక్క అల్సర్ కోసం ప్రార్థన చేసింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది అక్కే.

దారిలో ఆమె నాలుగడుగులు ముందు నడుస్తుంటే బావ గొంతు తగ్గించి, "దేవుడిక్కూడా అబద్ధం చెప్పించావమ్మాయ్" అన్నారు.

"ఆయనకి నిజం తెలుసుగా బావా. చీటీ ఆయన కోసం కాదుగా," అన్నాను.

వాదనలో ఎప్పుడూ నాదే పైచేయి.

నేను సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. వంటింటి పక్క బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునేదాన్ని. సాయంత్రం ఆరింటికి మా బృందం మీటింగులు. లెక్కలు దాదాపు కొలిక్కి వచ్చాయి. ఒక రోజు మా వాళ్ళలో ఒకాయన, ఒక చిన్న భాగానికి మాత్రం గంతలు విప్పి చూద్దామని, ఏదైనా పొరపాటుంటే ముందే దిద్దుకోవచ్చని అన్నాడు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. చూశాక దిద్దేది దిద్దుబాటు కాదన్నాను. మా అక్క మామిడి షెడ్డు గురించి, కోసే ముందు చెప్పాలన్న నియమం గురించి చెప్పాను. వాళ్ళకు నచ్చింది. ఆ మాట మీటింగు నోట్సులో కూడా రాసుకున్నారు.

మీటింగు అయ్యాక అక్క మంచం మీద నుంచి పిలిచింది. "మామిడి మామిడి అంటున్నావేంటే ఇంగ్లీషులో?"

"మీ షెడ్డు రూలు చెప్పానక్కా వాళ్ళకి."

ఆమె మొహం వెలిగిపోయింది. బావను పిలిచి చెప్పింది. ఆయన విన్నానన్నా మళ్ళీ చెప్పింది. ఆ సంతోషంలోనే నావైపు తిరిగి అడిగింది.

"మరి నాకూ ముక్క తీశారుగా. అందులో ఏం వచ్చింది?"

ఆమె అనుమానంతో అడగలేదు. షెడ్డులో కాయ గురించి అడిగినట్టు అడిగింది. బావ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. నేను ఒక్క మాట అంటే చాలు, ఆయన వచ్చి నా పక్కన నిలబడేవారు. ఇద్దరం కలిసి చెప్పగలిగేవాళ్ళం.

"ఏం లేదక్కా. పుండే. వేరే ఏం లేదు."

"సరేలే. కోసి చూశాక ఇంక అనుమానం ఏముంది," అని ఆమె అటు తిరిగి పడుకుంది.

బావ గుమ్మంలోంచి వెళ్ళిపోయారు.

పిందెలు నిమ్మకాయలంత అయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె తలకు నూనె పెడుతున్నాను. జుట్టు చేతికి పెద్దగా తగలడం లేదు. "నీకో సంగతి చెప్పాలే, ఎప్పట్నుంచో," అంది.

"చెప్పక్కా."

"ఇప్పుడు కాదు. అది కూర్చుని తీరిగ్గా చెప్పాల్సింది. చెప్తూ చెప్తూ నేనే ఏడుస్తానేమో. కాస్త ఓపిక రానీ. తగ్గాక చెప్తాలే."

నా చేతిలో దువ్వెన ఆగింది. తగ్గదని నాకు తెలుసు. ఇప్పుడే చెప్పు అని బలవంతం చేస్తే, ఎందుకే అంత తొందర అంటుంది. దానికి జవాబు నా దగ్గర ఒకటే ఉంది. ఆ జవాబు చెప్పలేక, "సరే" అన్నాను. జడ వేసి రబ్బరు బ్యాండు పెట్టాను. అది ఏ సంగతి అయి ఉంటుందని ఆ రోజు నుంచి ఎన్ని ఊహించానో. అమ్మ గురించా, వాళ్ళకు పిల్లలు కలగకపోవడం గురించా, నా గురించా? మళ్ళీ కదిపే ధైర్యం మాత్రం లేదు.

మార్చి చివర్లో ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద. గోళ్ళు కత్తిరించినా చీర అంచుతో రుద్దుకునేది. విజయవాడలో డాక్టరుగారు పైత్యనాళం మూసుకుపోయిందని, లోపల సన్న గొట్టం పెడితే పచ్చదనం, దురద తగ్గి కొన్ని వారాలు హాయిగా ఉంటుందని చెప్పారు. అక్క ఒప్పుకోలేదు.

"కామెర్లకి గొట్టాలేంటండీ? మా వైపు పసరు వేస్తారు. మూడు పూటల్లో దిగిపోద్ది," అంది ఆయనతో.

ఆయన నావైపు చూశారు. ఆమెకు ఇంకా చెప్పలేదని ఆయనకు ఆ క్షణంలో అర్థమైంది. ఆ చూపు నేను మర్చిపోలేదు. అక్క చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఆమె దగ్గరున్న వివరాలతో ఎవరైనా అదే నిర్ణయం తీసుకుంటారు. ఆ వివరాలు ఇచ్చింది నేను. నిజం చెప్పి గొట్టం పెట్టించడమా, అబద్ధం నిలబెట్టుకోవడమా అన్నది ఆ గదిలో తేలాలి. నేను ఆటో పిలిచాను.

చాట్రాయి దాటాక ఒక పల్లెలో కామెర్లకు పసరు ఇచ్చే ముసలావిడ ఉంది. మర్నాడు తోటల మధ్య నుంచి ఆటోలో వెళ్తుంటే అక్క రెండు పక్కలా తల తిప్పి కాపు చూసుకుంది. "ఈసారి రసాలు ముందొస్తాయి. పత్యం అయ్యేసరికి షెడ్డుకి పోవచ్చు," అంది. ముసలావిడ ఆకు నూరి పాలల్లో కలిపి తాగించింది. పత్యం ఇరవై ఒక్క రోజులని చెప్పింది. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు, పులుపు లేదు, మామిడి అసలే లేదు.

పీహెచ్‌డీ చేసిన నేను, చేతులు కట్టుకుని ఆ జాబితా విని తలూపాను.

ఆమె నోటికి ముద్ద పోవడమే కష్టమైన రోజులవి. ఆ కాస్త ముద్దా చప్పిడి అన్నం. రెండు పచ్చిమిరపకాయలు లేనిదే అన్నం ముందు కూర్చోని మనిషి, చప్పిడి మెతుకులు కళ్ళు మూసుకుని మింగేది. నేను ఒకసారి గంజిలో చిటికెడు ఉప్పు వేశాను. నాలుక మీద పెట్టగానే కనిపెట్టింది. గిన్నె పక్కకు తోసి, "నాకు తగ్గొద్దా ఏంటే నీకు?" అని అరిచింది. ఆ అరుపుతో ఆయాసం వచ్చి అరగంట పడుకుంది. గోడ మీద క్యాలెండరులో రోజులకు ఆమె తనే పెన్సిలుతో గీత పెట్టుకునేది.

పన్నెండో రోజున షెడ్డు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఆ ఏడు తొలి కోత చిన్న రసాలు గడ్డిలో చుట్టి తెచ్చారు. ఆమెను చూసి ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. అక్క అది గమనించలేదు, ఆమె చూపంతా కాయల మీదే ఉంది. ఒకటి తీసుకుంది. బొటనవేలు ముచ్చిక చుట్టూ తిరిగింది. "టెంక కట్టింది. ఐదు రోజులకి పండుద్ది," అని నాకిచ్చి, మంచం కింద గడ్డిలో పెట్టమంది.

వాళ్ళు తెచ్చినవాటిలో ఒకటి అప్పటికే పండు. నేను ఒక చెక్క కోసి తెచ్చాను. వాసన గదంతా నిండింది. "ఒక్క ముక్క తిను అక్కా. ఏం కాదు."

ఆమె చెక్క వైపు చాలాసేపు చూసింది. నోరూరి మింగడం నాకు కనిపించింది. "వద్దే. పసరు వికటిస్తే మళ్ళీ మొదటికొస్తది. నీకేం తెలుసు, తొక్కల సైంటిస్టువి," అంది. "మంచం కిందది ఉందిగా. పత్యం అయ్యాక తింటా. నీకా సంగతి కూడా అప్పుడే చెప్తా."

ఇంతకంటే మంచి సమయం నాకు దొరకదు. తిను అక్కా, ఇంక పత్యం అక్కర్లేదు, నీకు వచ్చింది కామెర్లు కాదు అంటే అయిపోయేది. నోరు తెరిచాను. చెక్క తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చాను.

పదహారో రోజు తెల్లవారాక ఆమెకు స్పృహ తప్పింది. ఆ మధ్యాహ్నమే పోయింది. క్యాలెండరులో పదిహేను గీతలున్నాయి.

చాలామంది నన్ను ఓదారుస్తూ, ఆవిడకు తెలిసే ఉంటుంది, మీకోసం తెలియనట్టు నటించి ఉంటుంది అన్నారు. అలా అయితే నాకు ఎంత తేలికగా ఉండేది. కానీ తెలిసిన మనిషి ఉప్పు మానదు. తొలి రసం చెక్క ముందు పెట్టుకుని మొహం తిప్పుకోదు. ఆమె మా మాట అక్షరాలా నమ్మింది. నమ్మి, బతకడానికి చేయగలిగినదంతా చేసింది.

ఆ సాయంత్రమే భూస్థాపన అయింది. మర్నాడు చుట్టాలు వెళ్ళిపోయాక ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద నుంచి వాసన వచ్చింది. అక్క పెట్టించిన కాయ. సరిగ్గా ఐదో రోజు. గడ్డి తీసి చూస్తే పసుపురంగు తిరిగి, నొక్కితే మెత్తగా ఉంది. వంటింట్లో నిలబడే పిసికి, ముచ్చిక తీసి జుర్రుకున్నాను. టెంక గట్టిగా ఉంది. తీపి గొంతు పట్టేసింది. తిన్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, అయినా టెంక చీకేదాకా ఆపలేదు.

జూన్‌లో మా బృందం గంతలు విప్పింది. నేను మిగిలిన సామాను సర్దడానికి మళ్ళీ విస్సన్నపేట వచ్చి ఉన్నాను. అదే బల్ల, అదే లాప్‌టాప్, సాయంత్రం ఆరు. తెర నిండా మనుషులు. ఒకామె మీట నొక్కింది. కంప్యూటరు ఇన్నాళ్ళూ దాచిన సంఖ్యను బయటపెట్టి, మా ఫలితంలోంచి తీసేసింది. న్యూట్రాన్ పొర మందం తెర మీద కనిపించింది. అనుకున్నంతే ఉందని కొందరు, ఇంకొంచెం ఉండాల్సిందని కొందరు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత కెమెరా ఆపేశాను. ఆ దాచిన సంఖ్య నెలల తరబడి ఒక ఫైల్లో భద్రంగా ఉంది, అడగ్గానే దొరికింది. అక్క నాకు చెప్పాలనుకున్నది ఎక్కడా రాసి లేదు.

బయట వరండాలో బావ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనా బాగా చిక్కిపోయారు.

"ఏం వచ్చిందమ్మాయ్ మీ లెక్క?"

చెప్పాను. ఆయనకు ఆ సంఖ్య అర్థం కాకపోయినా తలూపారు.

"అందరికీ ఒకేసారి తెలిసిందా?"

"ఒకేసారే బావా. ముందే అనుకున్న రోజున."

"మంచి పద్ధతి," అన్నారు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన మొహం చూశాను. లేదు. ఉంటే బాగుండేది. నేను మెట్టు మీద కూర్చున్నాను. రోడ్డు మీద కాయల లారీ ఒకటి నూజివీడు వైపు వెళ్ళింది. ఎన్నాళ్ళుగానో అడగలేకపోయినది అప్పుడు అడిగాను.

"బావా, అక్క నాకేదో చెప్పాలంది. చాలా రోజులు అంటూనే ఉంది. మీతో ఏమైనా అందా?"

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"నాతోనూ అంది," అన్నారు. "తగ్గాక చెప్తానంది."